మామిడిగంపల మీద స్టీరియో

ఆ రోజుల్లో అని మొదలుపెట్టే అర్హత నాకింకా రాలేదని మా అక్క అభిప్రాయం. "ఇరవై ఏడేళ్ళకే ఆ రోజులేంట్రా, ముందు జుట్టు నెరవనీ" అంటుంది. కానీ నా అనుభవంలో సంతోషపడిన రోజులు నిన్నమొన్నటిలాగే ఉంటాయి, భయపడిన రోజులు మాత్రం తొందరగా పాతబడతాయి. ఆ లెక్కన నేను ఇంజనీరింగు రెండో సంవత్సరం పూర్తిచేసి ఇంటికొచ్చిన వేసవి ఏ రాజుల కాలంలోనో జరిగి ఉండాలి. ఆ రోజుల్లో నాకు బల్లి అంటే భయం, కరెంటు అంటే భయం (చదువుతున్నది ఎలక్ట్రానిక్స్ అని పాఠకులు గమనించాలి), ఈ రెంటికన్నా ఎక్కువగా మా పెదనాన్న గొంతు సవరించుకుంటే భయం. ఆ వేసవిలో ఇవన్నీ కలిసి ఒకే చెక్కపెట్టెలో కూర్చుని నాకోసం ఎదురుచూశాయి.

మాది ఆగిరిపల్లి దగ్గర మామిడితోటల మధ్య ఉమ్మడి ఇల్లు. మా నాన్న తోటల్ని చూసుకుంటే, పెదనాన్న తోటల్నీ, మా నాన్ననీ, మిగతా మా అందర్నీ చూసుకునేవాడు. ఆయన ఎవర్నీ కొట్టిన దాఖలా లేదు. అసలు చిక్కంతా అదే. కొట్టేవాళ్ళతో ఒక సుఖం ఉంది, కొట్టేశాక అయిపోతుంది. ఆయన ఊరికే చూసేవాడు. "పెద్దాయన చూశాడంటే కాయ దానంతటదే రాలుద్ది" అని కోతకొచ్చిన కూలీలు చెప్పుకునేవాళ్ళు. ఆ ఏడాదైతే చూపుకి తోడు ఇంకొకటి మొదలైంది. మనం ఏదైనా చెప్పగానే కనుబొమలు ముడిచి "ఏంటీ?" అనేవాడు. మా ఇంట్లో పెద్దవాళ్ళు "ఏంటీ?" అన్నారంటే చెప్పింది మళ్ళీ చెప్పమని కాదు, ఆ ధైర్యం నీకెక్కడిదని. కాబట్టి మేం "ఏం లేదు పెదనాన్నా" అని వెనక్కి రెండడుగులు వేసి, గుమ్మం తగిలాక తిరిగి నడిచేవాళ్ళం. మా అక్క, అంటే పెదనాన్న కూతురు, హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది వెళ్ళనా అని అడగడానికి వారం రోజులు అద్దం ముందు సాధన చేసి, చివరికి అడిగి, "ఏంటీ?" అనిపించుకుని, ఆ సాయంత్రమే పెట్టె సర్దడం మానేసి చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది.

అలాంటి మనిషికీ ఒక మెత్తని చోటుంది. హాల్లో ఉండే స్టీరియో సెట్టు. మధ్యలో ఒక ఆంప్లిఫయరు, సీడీ ప్లేయరు, రెండు పక్కలా మోకాలెత్తు చెక్క స్పీకర్లు. రోజూ సాయంత్రం ఆరింటికి తోట నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగి, రెండు స్పీకర్లకీ సరిగ్గా నడిమధ్యన పడక్కుర్చీ వేసుకుని కళ్ళు మూసుకునేవాడు. ఎప్పుడూ ఒకటే కచేరీ: ఎడమ స్పీకర్లోంచి సన్నాయి, కుడి స్పీకర్లోంచి వయొలిన్. ఒకడు ఒక మాట అంటే రెండోవాడు దాన్ని అందుకుని ఇంకో నాలుగు కలిపి తిరిగి ఇచ్చేవాడు. ఆ అరగంట ఇంట్లో మిక్సీ తిరగకూడదు, కుక్కర్ కూతెయ్యకూడదు. కూత ఆపే విద్య ఒక్క పెద్దమ్మకే తెలుసు.

సెలవులకి వచ్చిన రెండో రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన గొంతు సవరించుకున్నాడు. నెయ్యి వడ్డిస్తున్న పెద్దమ్మ గరిటె గాల్లో ఆగింది.

"ఏరా ఇంజనీరూ, ఆ సెట్టుకి గొంతు కూరుకుపోయింది. ఏడాదిగా చూస్తున్నా. సౌండు ఎంత పెంచినా కుడిపక్క వయొలిన్ వాడు రోజురోజుకీ దూరం జరుగుతున్నాడు. ఏంటో చూడు."

"అలాగే పెదనాన్నా."

"ఆదివారం దాకా చూద్దాం. అప్పటికీ పలక్కపోతే పాతసామాన్ల బండివాడికి ఇచ్చేద్దాం. పలకనిదాన్ని ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తాం?"

ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేవగానే అక్క నావైపు వంగింది. "నీకొచ్చా?"

"రెండేళ్ళ నుంచీ అదే కదా చదువుతున్నాను."

"నేనడిగింది అది కాదు."

పెద్దమ్మ గరిటె కిందపెట్టి నా పక్కన చతికిలబడింది. "ఒరేయ్ నాయనా, ఏదోటి చెయ్యరా. ఆ సెట్టు పోతే ఆ అరగంట కూడా ఆయన మనల్నే చూస్తూ కూర్చుంటాడు." అన్నం సగంలో ఉన్న నాకు ఆకలి పోయింది. రోజూ సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర దాకా ఆయన చూపు కింద కూర్చున్న మా కుటుంబం నా కళ్ళముందు కనిపించింది. అందులో నేను ముందు వరసలో ఉన్నాను.

మొదటిరోజు స్పీకర్లు విప్పాను. విప్పేముందు ప్లగ్గు తీశాను, స్విచ్చు ఆపాను, చాలదనిపించి ఇంటి మెయినే ఆపేశాను. పచ్చడి రుబ్బుతున్న పెద్దమ్మ మిక్సీ ఆగిపోయింది. "సెట్టు పట్టుకోడానికి ఊరంతా చీకటి చెయ్యాలట్రా?" అని ఆవిడ వంటింట్లోంచి కేక. (పట్టపగలు. చీకటి అన్నది ఆవిడ చలవ.) వెనక చెక్క ఊడదీసి లోపల చెయ్యి పెట్టగానే చల్లగా, మెత్తగా ఒకటి వేళ్ళమీంచి జారి మోచెయ్యి దాకా వచ్చింది. నేను వేసిన కేకకి తోటలో మా నాన్న కోతగాళ్ళని వదిలి పరిగెత్తుకొచ్చాడు. బల్లి మాత్రం ఏమీ జరగనట్టు గోడెక్కి, నన్ను పెదనాన్న లాగే చూసింది. లోపల ఇంకా కందిరీగలు కట్టిన మట్టిగూళ్ళు నాలుగు, తెల్లటి బల్లిగుడ్లు రెండు, ఎప్పటిదో ఒక చింతగింజ దొరికాయి. అన్నీ తీసేసి, తుడిచి, తుప్పుపట్టిన వైర్ల కొసలు చెక్కి మళ్ళీ బిగించాను. సాయంత్రం పాట పెడితే నాకే ఆశ్చర్యమేసింది. గొంతు నిజంగానే తేటపడింది. వయొలిన్ తీగ మీద కమాను ఆనడం కూడా వినిపిస్తోంది. అక్క బొటనవేలు ఎత్తి చూపించింది. పెదనాన్న అరగంటా విని, కళ్ళు తెరిచి, "ఎడమపక్క నయం. వాడు మాత్రం ఇంకా దూరంగానే ఉన్నాడు" అని లేచి వెళ్ళిపోయాడు.

అప్పుడు మొదలైంది అసలు భయం. నాకు తెలిసింది అంతవరకే. మిగతాది ఫోన్లో వెతకాలి. వెతికితే తెలిసింది ఏంటంటే తప్పు స్పీకర్లది కాదు, గదిది. గ్రానైటు నేలా, సిమెంటు గోడలూ శబ్దాన్ని బంతిలా అటూ ఇటూ కొడుతుంటాయట. గోడలకి మెత్తటిదేదైనా కట్టాలి, కిటికీలు మూసెయ్యాలి, స్పీకర్లని నేల మీద కాకుండా బరువైన పీటల మీద, చెవి ఎత్తులో పెట్టాలి. ఎవరో తెలివైనవాళ్ళు దీనికోసం ప్రత్యేకంగా నురుగు పలకలు అమ్ముతున్నారు. ఆదివారానికి అవి రావు. మా ఇంట్లో మెత్తటిది అంటే ఒకటే ఉంది, గడ్డి. పెద్దమ్మ పుట్టిల్లు ఉంగుటూరు. ఏటా కోతల ముందు అక్కణ్ణించి కాయలు సర్దడానికి ట్రాక్టరు నిండా వరిగడ్డి వస్తుంది. గోనెసంచుల్లో గడ్డి కూరి, మూటలు కట్టి, హాలు గోడల పొడుగునా మనిషెత్తున పేర్చాను. నాన్న ఒకసారి తొంగిచూసి, "గేదెని ఎప్పుడు తోలుకొస్తున్నావు?" అని అడిగి వెళ్ళాడు.

ఇక పీటలు. కోతల సీజను కాబట్టి ఖాళీ పెట్టె ఒక్కటి లేదు, అన్నీ తోటలోనే. వసారాలో ఇంటి వాడకానికి తీసిపెట్టిన చిన్నరసాల గంపలు రెండున్నాయి. అప్పుడే కోసిన కాయలు, రాళ్ళలా ఉన్నాయి, ఒక్కో గంప ఎత్తాలంటే ఇద్దరు కావాలి. బరువైన పీట అంటే ఇంతకన్నా ఏముంటుంది? నేనూ అక్కా మోసుకొచ్చి, కాయల మీద గడ్డి పరిచి, గడ్డి మీద చెక్కపలక వేసి, పలక మీద స్పీకరు నిలబెట్టాం. ముగ్గడానికి పదిరోజులు పడుతుంది, ఈలోపు ఆదివారం వెళ్ళిపోతుంది అని నా లెక్క.

నేను పుట్టింది మామిడితోటలో. కాయ ముగ్గాలంటే ఏం చేస్తారో మా ఇంట్లో మాటలు రాని పిల్లకి కూడా తెలుసు: కిటికీలు మూసిన గదిలో, చుట్టూ గడ్డి పేర్చి, గాలాడకుండా పెడతారు. నేను చేసింది అక్షరాలా అదే. కానీ చేస్తున్నంతసేపూ నా బుర్ర శబ్దం మీదే ఉంది. గురువారం కుడి స్పీకరు కొంచెం పొట్టిగా కనిపించింది. నా కళ్ళదే తప్పనుకున్నాను. శుక్రవారం హాల్లోకి వెళితే కమ్మటి వాసన. శనివారం పొద్దున్న పలక అంచు కిందికి వేలు దూర్చి చూస్తే కాయ మెత్తగా లోపలికి పోయింది, వేలికి రసం అంటింది. కుడి గంప మూసిన కిటికీ పక్కన ఉండటం వల్ల ఆ వేడికి ముందే ముగ్గింది. ఆ పలక కింద ముగ్గిన చిన్నరసాలూ, పలక మీద పెదనాన్న ప్రాణం. తీసి మార్చేద్దామనుకునేలోపే వీధిలో ఆయన మోటారుసైకిలు చప్పుడు. నేను వేలు నాకేసి బయటికొచ్చేశాను. (రుచి బాగుంది. భయంలోనూ కొన్ని తెలుస్తాయి.) ఆ తర్వాత ఆయన ఇల్లు కదల్లేదు, నాకు మార్చే వీలు దొరకలేదు.

మర్నాడు, అంటే ఆదివారం, పాతసామాన్ల బండివాడు మధ్యాహ్నమే వచ్చి, రమ్మన్నారట అని అరుగు మీద కూర్చున్నాడు. పెద్దమ్మ వాడికి మజ్జిగిచ్చి, నావైపు చూసి ఒక నిట్టూర్పు విడిచింది. సాయంత్రం ఆరయింది. పెదనాన్న కుర్చీ వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. నేను పాట పెట్టి ఆయన వెనక నిలబడ్డాను. అక్క గుమ్మంలో, పెద్దమ్మ వంటింటి తలుపు దగ్గర. సన్నాయి ఒక మాట అన్నాడు. వయొలిన్ అందుకున్నాడు. అంత బాగా ఆ సెట్టు ఎప్పుడూ పలకలేదని ఇప్పటికీ ప్రమాణం చెయ్యగలను. అప్పుడు కుడి గంపలోంచి "పిసుక్" అని చిన్న చప్పుడొచ్చింది.

పలక ఒక పక్కకి ఒరిగింది. దానితో స్పీకరు కూడా, పీటల మీద పెళ్ళికూతురు తలవంచినంత నెమ్మదిగా వంగి, వెనక్కి వాలి, గడ్డిమూటల మీద పడింది. మూటలు చంటిపిల్లని అందుకున్నట్టు దాన్ని పట్టుకున్నాయి. దెబ్బ తగల్లేదు, కానీ వెనకనున్న వైరు ఊడిపోయింది. వయొలిన్ ఆగిపోయింది. హాల్లో ఇప్పుడు సన్నాయి ఒక్కడే ప్రశ్న అడుగుతున్నాడు, జవాబు చెప్పేవాడు లేడు. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను పెదనాన్న కళ్ళు తెరవడం కోసం ఎదురుచూశాను. ఆ క్షణంలో నేను ఏ బస్సెక్కి ఎక్కడికి పారిపోవాలో కూడా తేల్చుకున్నాను. నూజివీడు దాకా ఆటో, అక్కణ్ణించి ఏది ముందొస్తే అది.

ఆయన కళ్ళు తెరవలేదు. కుర్చీ చెయ్యి మీద వేళ్ళతో తాళం వేస్తూనే ఉన్నాడు. సన్నాయి ఆగిన చోట, వయొలిన్ రావలసిన చోట, తల చిన్నగా ఊపుతున్నాడు, ఎవరో వాయిస్తున్నట్టే. పాట అయిపోయింది. కళ్ళు మూసుకునే అన్నాడు:

"ఏం తేడా లేదురా. వాడింకా దూరంగానే ఉన్నాడు."

దూరంగా ఏంటి, వాడు అసలు లేడు. నేను అక్క వైపు చూశాను. అక్క నా వైపు చూసింది. నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన భయం చప్పున పోయింది. దాని స్థానంలో ఇంకో రకం భయం వచ్చి కూర్చుంది. ఈలోపు మామిడిరసం గ్రానైటు మీద తీరిగ్గా పాక్కుంటూ వచ్చి ఆయన బొటనవేలిని ముట్టుకుంది.

ఆయన కళ్ళు తెరిచి, వేలు చూసుకుని, రసం వచ్చిన దారివెంట చూపు నడిపించుకుంటూ వెళ్ళి, పడివున్న స్పీకరు దగ్గర ఆగాడు.

"ఎప్పుడు పడింది?"

"పాట మొదట్లోనే పెదనాన్నా."

చూస్తాడనుకున్నాను. చూడలేదు. తలొంచుకుని కుడిచెవిని అరచేత్తో రుద్దుకున్నాడు. అక్క ఆయన ముందుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. "నాన్నా, నీకా పక్క వినపడట్లేదా?"

"పోయినేడాది నుంచీ అనుమానంగానే ఉందమ్మా" అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "సెట్టుదే అయ్యుంటుందనుకున్నా. వీడు బాగుచేస్తే వినపడిపోద్ది అనుకున్నా. లేకపోతే దాన్ని పంపించేస్తే ఇంక తెలిసే దారే ఉండదని..."

"మరి బజార్లో ఎలాగండీ నెట్టుకొచ్చారు?" అని పెద్దమ్మ.

"బజార్లో చెవులతో పనేంటే? బేరమంతా తువ్వాలు కింద వేళ్ళతోనే కదా." నిజమే. మా వైపు పాతకాపు వ్యాపారులు ఇంకా చేతుల మీద తువ్వాలు కప్పుకుని, వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియకుండా. సగం చెవితో ఆయన ఒక సీజనంతా నూజివీడు మార్కెట్లో మహారాజులా తిరిగాడు. దొరికిపోయింది ఇంట్లో, అదీ మామిడిపండు చేతిలో.

అక్కకి అప్పుడు తట్టింది. "అయితే నాన్నా, నేను హైదరాబాద్ ఉద్యోగానికి వెళ్ళనా అని అడిగితే ఏంటీ అన్నావే!"

"ఉద్యోగమా? ఎప్పుడడిగావు?"

"సంక్రాంతి ముందు! అటుపక్క నిలబడి అడిగా!"

"వినపడకే కదే ఏంటీ అన్నాను! మళ్ళీ చెప్పొచ్చుగా?"

"నువ్వలా ఏంటీ అంటే మళ్ళీ ఎవరు చెప్తారు!"

పెదనాన్న మా ముఖాలు ఒక్కొక్కటీ చూశాడు. ఏడాదిగా ఆ మాట విని ఎంతమంది ఎన్ని వదులుకుని గుమ్మం దాకా వెనక్కి నడిచారో ఆయనకి అప్పుడే అర్థమవుతున్నట్టుంది. నాకైతే నా సంగతే గుర్తొచ్చింది, కొత్త ఫోను అడిగాను. ఇది చెప్పడానికి సమయం కాదనిపించింది. (మర్నాడు ఎడమచెవి వైపు నుంచి అడిగాను. "ఏంటీ?" అన్నాడు. ఈసారి అది మా ఇంటి పాత అర్థంలోనే.) బయటనుంచి బండివాడు, "అయ్యా, సెట్టు ఇస్తారాండీ, పోమంటారాండీ?" అని కేకేశాడు. "పో నాయనా, నువ్వెళ్ళు" అన్నాడు పెదనాన్న. ఆయనకి ఆ కేక ఎడమపక్క నుంచి వచ్చింది.

ఆ వారమే విజయవాడలో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. శబ్దం చొరబడని చిన్న అద్దాలగదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, కూత వినపడినప్పుడల్లా వేలెత్తమన్నారు. మా తోటల్లో కాయని చూపుతో రాల్చే మనిషి, ఆ గదిలో పరీక్షకి చదవని పిల్లాడిలా చెమటలు పట్టి, అద్దం అవతలున్న నా ముఖం వైపు దొంగచూపులు చూశాడు, నాకేమైనా వినపడుతోందేమో, కాపీ కొడదామని. నాకూ వినపడదు కదా. అయినా నేను రెండుసార్లు కనుబొమలెగరేశాను. రెండుసార్లూ వేలెత్తాడు. రెండూ తప్పే. డాక్టరు నన్ను బయట కూర్చోమన్నారు.

చెవిలో పెట్టుకునే మిషను వచ్చింది. అక్క మళ్ళీ ఉద్యోగం వెతుక్కుని హైదరాబాదు వెళ్ళింది. గడ్డి మళ్ళీ కొట్టంలోకి వెళ్ళింది, చితికిన రసాలతో పెద్దమ్మ తాండ్ర వేసింది. మిషను పెట్టుకుని పాట వింటే వయొలిన్ రేకుడబ్బాలో వాయిస్తున్నట్టుందని ఆయన దాన్ని తీసి చొక్కా జేబులో వేసుకునేవాడు. అప్పుడు నేను, ఫోన్లో ఎక్కడా వెతక్కుండా, ఆయన్ని లేపి, ఎడమచెవి రెండు స్పీకర్లకీ ఎదురుగా వచ్చేలా కుర్చీని పక్కకి తిప్పాను. అరగంట విన్నాడు. "ఆఁ, ఇప్పుడు దగ్గరకొచ్చాడు" అన్నాడు. రెండేళ్ళ ఎలక్ట్రానిక్స్, ట్రాక్టరు గడ్డి, రెండు గంపల చిన్నరసాలు ఖర్చయ్యాక నేను చేసిన మరమ్మతు అదొక్కటే.

ఇప్పుడు నేను చేసే ఉద్యోగానికీ స్పీకర్లకీ ఏ సంబంధం లేదు. కానీ ఏటా కోతల సమయానికి పెదనాన్న ఫోను చేస్తాడు: "వాడు మళ్ళీ కొంచెం జరిగాడురా, ఓసారొచ్చి చూసిపో." నేను సెలవు పెట్టి వెళ్ళి, ఆంప్లిఫయరు దుమ్ము తుడిచి, వైర్లు ఊరికే ఒకసారి విప్పి బిగించి, ఆయన చూడనప్పుడు కుర్చీని ఒక జానెడు స్పీకర్ల దగ్గరికి లాగి వస్తాను. ఆయన విని, "ఇప్పుడు బాగుంది" అంటాడు. ఈ వేసవికి కుర్చీకీ స్పీకర్లకీ మధ్య నేను అడ్డంగా నిలబడేంత చోటే మిగిలింది. ఇక జరపడానికి చోటు లేదన్న మాట అననూ లేను, అనకుండా ఉండనూ లేను అన్నట్టు నిలబడితే ఆయనే, "నువ్వున్నావుగా, ఇంజనీరువి, ఏదోటి చూస్తావులే" అన్నాడు. అలాగే పెదనాన్నా అన్నాను, గంభీరంగా, స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుంటూ. ఇరవయ్యో ఏట ఆయనకి భయపడి ఆ మాటన్నాను, ఇప్పుడు ఆయన కోసం భయపడి అంటున్నాను. మొత్తానికి నా వృత్తిలో నేను ఎదిగానన్నమాట.